అది రెక్క కాదు.. మెడ!

స్విట్జర్లాండ్ అనగానే మనకు మంచుకొండలు, సినిమా పాటలే గుర్తొస్తాయి. కానీ దక్షిణాన, ఇటలీ సరిహద్దులో, లుగానో సరస్సు ఒడ్డున వేరే రకం కొండ ఒకటుంది. పేరు మోంటే సాన్ జోర్జో. ఎత్తు 1,097 మీటర్లే. దూరం నుంచి చూస్తే అంతా పచ్చటి అడవి. ఆ అడవి కింది రాళ్లు మాత్రం దాదాపు 24 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు! నీటి అడుగున ఆక్సిజన్ తక్కువ కావడంతో, చచ్చి మునిగిన జీవుల ఎముకలు చెదరకుండా బురదలో నిలిచిపోయాయి. యునెస్కో 2003లో స్విస్ వైపును, 2010లో ఇటలీ వైపును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

లుగానో నుంచి రైల్లో మెండ్రీజియో వెళ్లి, అక్కడ పసుపు రంగు పోస్ట్ బస్సెక్కితే మెరిదే అనే ఊరొస్తుంది. శిలాజాల మ్యూజియం అక్కడే. ఈ కొండ కథల్లో నాకు బాగా నచ్చింది టానిస్ట్రోఫియస్‌ది.

1886లో ఇటలీ వైపు బెసానోలో దొరికిన చిన్న అస్థిపంజరాన్ని ఫ్రాంచెస్కో బస్సాని పరిశీలించారు. పళ్లకు మూడేసి మొనలు, పక్కన సన్నటి పొడవాటి ఎముకలు. ఇది ఎగిరే సరీసృపమని తేల్చి, మూడు మొనల పళ్లను బట్టి ట్రైబెలెసోడాన్ అని పేరు పెట్టారు. ఆ పొడవాటి ఎముకలు రెక్కను మోసే వేళ్లవన్న వాదన 1920ల దాకా నడిచింది.

1929లో జ్యూరిక్ ప్రొఫెసర్ బెర్న్‌హార్డ్ పేయర్ బృందానికి ఇంకా మంచి అస్థిపంజరం దొరికింది. చూస్తే అవి వేళ్లు కావు, మెడ పూసలు! జిరాఫీ మెడలో ఉండేవి ఏడే. దీనికి 13. పెద్దవాటిలో ఒళ్లంతా కలిపి అయిదారు మీటర్లుంటే, అందులో సగం మెడే. డేటా అదే, లేబులే తప్పన్నమాట. పేరు టానిస్ట్రోఫియస్‌గా మారింది.

అక్కడితో అయిపోలేదు. ఇదే కొండలో మీటరున్నర పొడవున్నవీ దొరికాయి. అవి పిల్లలేమో అనుకున్నారు. 2020లో పరిశోధకులు వాటి ఎముకల్ని కోసి చూస్తే, లోపల చెట్టు వలయాల్లాంటి ఎదుగుదల గీతలు కనిపించాయి. అవి పిల్లలు కావు, ఎదిగినవే! నలిగిన పెద్ద పుర్రెను స్కాన్ చేసి కంప్యూటర్లో మళ్లీ అతికించారు. దాని పళ్లు చేపల్ని పట్టే కోరలు. చిన్నదాని పళ్లకేమో మూడు మొనలు. తిండే వేరు కాబట్టి ఒకే నీళ్లలో రెండూ పోటీ లేకుండా బతికాయి. అలా ఒక ప్రజాతిలో రెండు జాతులయ్యాయి. పెద్దదానికి గ్రీకు పురాణాల్లోని హైడ్రా పేరు మీద హైడ్రాయిడీస్ అని పెట్టారు.

ఒకప్పుడు బల్లుల పక్కన చేర్చిన ఈ జీవిని ఇప్పుడు మొసళ్లు, పక్షుల వంశం వైపు ఉంచుతున్నారు. బస్సాని చూసిన అసలు శిలాజం రెండో ప్రపంచ యుద్ధంలో మిలాన్ మీద పడ్డ బాంబులకు నాశనమైంది. ఆయన పెట్టిన పేరులోని లొంగోబార్డికస్ అన్న రెండో ముక్క చిన్న జాతికి ఇప్పటికీ ఉంది.

మీరు వెళ్తే ముందు మ్యూజియం చూసి, తర్వాత కొండెక్కండి. కాళ్ల కింద ఉన్నది ఏ సముద్రమో తెలిసి నడిస్తే ఆ మజానే వేరు.