నడిగడ్డ నుండి నాగర్‌కర్నూలు దాకా: పళ్ళ శుభ్రత ఒక చదువుగా

కృష్ణా, తుంగభద్రా నదుల నడుమనున్న నేలను పాలమూరు ప్రజలు నడిగడ్డ అంటారు. గద్వాల ఆ నేలకు పెద్ద ఊరు. సంస్థానపు కోట, నూలు నేతకు పట్టు అంచును జతచేసే చీరలు ఆ ఊరికి దేశమంతటా పేరు తెచ్చిపెట్టాయి. మేము మాత్రం ఆ ఊరికి వెళ్ళింది మదర్సా పనిమీద. షవ్వాల్ నెల కొత్త ప్రవేశాల కాలం. పిల్లల ఇళ్ళకు వెళ్ళి పెద్దలతో మాట్లాడి రావడం మా ఆనవాయితీ. ఇంటర్మీడియట్ ఫలితాలు కూడా ఇంచుమించు అదే కాలంలో వెలువడితే, ప్రతి ఇంటిలోనూ మదర్సా సంగతి అయిన వెంటనే రెండవ ప్రశ్న ఎదురవుతుంది: "మౌల్వీ సాబ్, బైపీసీ పాసైన ఆడపిల్లను ఇక ఏం చదివించమంటారు?"

ఈ పర్యాయం గద్వాలలో ఆ ప్రశ్నకు ఒక కొత్త మాట తోడయింది. కోటకు దగ్గరి వీధిలో బట్టల దుకాణం నడిపే ఒక పెద్దమనిషి, "డెంటల్ హైజీనిస్ట్ అంటే డాక్టరేనా, నర్సా?" అని అడిగారు. రెండూ కాదు. 1948 నాటి దంతవైద్యుల చట్టం దంతవైద్యుణ్ణి, హైజీనిస్టును, పళ్ళ సెట్లు తయారుచేసే మెకానిక్కును ముగ్గురిగా వేరుచేసి చూపింది. పళ్ళ మీది గారను తొలగించడం, శుభ్రపరచి మెరుగుపెట్టడం, నోటి శుభ్రతను గురించి ప్రజలకు బోధించడం హైజీనిస్టు పని. పన్ను పీకడం, పుచ్చును పూడ్చడం అతని పరిధిలోనివి కావు. దంతవైద్యుని పర్యవేక్షణలో పనిచేయాలి, రాష్ట్ర దంతవైద్య మండలి పట్టికలో పేరు నమోదు చేయించుకోవాలి. సైన్సు విషయాలతో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన వారికి ఇది రెండేళ్ళ చదువు.

రెండేళ్ళపాటు పళ్ళు తోమడమేనా చదివేది అని ఆ పెద్దమనిషి నవ్వారు. నవ్వవలసిన మాట కాదు. పాలపళ్ళు ఇరవై, శాశ్వత దంతాలు ముప్పైరెండు. ఒక్కొక్క పంటికి ఎన్ని వేర్లు, ఏ వంపు వద్ద పాచి దాగుతుంది, చిగురు పంటిని ఎంత లోతున పట్టుకొని ఉంటుంది, ఇవన్నీ చేతివేళ్ళకు కంఠస్థం కావాలి. మా దగ్గర హిఫ్జ్ చేసే పిల్లవాడు అక్షరాల మఖ్రజ్‌ల కోసం నాలుక ఏ పంటిని ఎక్కడ తాకాలో నెలల తరబడి నేర్చుకుంటాడు. ఇది ఆ నోటిలోనే మరొక విద్య. పాచిని తొలగించకపోతే లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి అది కొద్ది రోజులలోనే గట్టిపడనారంభిస్తుంది. అదే గార. గట్టిపడిన తరువాత బ్రష్షుకు గానీ మిస్వాక్‌కు గానీ లొంగదు. పరికరంతో తీయవలసిందే. ఆ పరికరాలను ఒక రోగి నుండి మరొకరికి వాడేముందు ఆటోక్లేవులో, ఒత్తిడిలో ఉంచిన 121 డిగ్రీల ఆవిరితో క్రిమిరహితం చేయాలి. ఈ ఒక్క పాఠంలో నిర్లక్ష్యం చేసినా ఒకరి రక్తంలోని కామెర్ల క్రిమి మరొకరికి అంటుకునే ప్రమాదం ఉంది.

గద్వాలలోని పాత ఇళ్ళలో మిస్సీ అనే మాట ఇంకా బ్రతికే ఉంది. దక్కను ముస్లిం స్త్రీలు ఒకప్పుడు పళ్ళకు నలుపు అద్దుకునే పొడి అది, అందానికి. నేడు మిస్సీ పోయింది, దాని చోట తంబాకు, జర్దా, గుట్కా వచ్చిపడ్డాయి. మిస్వాక్‌ను ఇంతగా ప్రేమించిన ప్రవక్త (సఅసం) అనుయాయుల నోళ్ళలో ఇవేమిటని మాకు బాధ కలుగుతుంది. తన సముదాయానికి భారమవుతుందన్న శంక లేకుంటే ప్రతి నమాజుకూ మిస్వాక్‌ను తప్పనిసరి చేసేవాడినని ఆయన సెలవిచ్చారు. అంతిమ ఘడియలలో సైతం హజ్రత్ ఆయిషా (రజి) మెత్తపరచి ఇచ్చిన మిస్వాక్‌తో పళ్ళు శుభ్రపరచుకున్నారు. జుబ్బా జేబులో మిస్వాక్, చెంపలో జర్దా పెట్టుకుని తిరిగే మనుషులను మేము ఈ మూడు ఊళ్ళలోనూ చూశాము.

ఎర్రవల్లి చౌరస్తా వద్ద జాతీయ రహదారి ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణను దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాము. ఆ ఊరిలో మాకు నచ్చిన కట్టడం సంస్థానాధీశుల రాజభవనం. నచ్చడానికి కారణం అది రాజభవనం కావడం కాదు, 1959 నుండి అందులో పాలిటెక్నిక్ కళాశాల నడుస్తూ ఉండడం. రాజులు నివసించిన గదులలో బీదవారి బిడ్డలు కొలబద్దలు పట్టి యంత్రాల బొమ్మలు గీశారు. చేతితో చేసే పనిని కూడా చదువుగా గౌరవించడం పాలమూరుకు కొత్త కాదని ఆ గోడలు చూస్తే తెలుస్తుంది. అమెరికాలో హైజీనిస్టుల చదువు ఎక్కువగా కమ్యూనిటీ కాలేజీలలోనే సాగుతుంది. అవి స్థానికుల కొరకు తక్కువ రుసుముతో నడిచే కళాశాలలు. ఈ వృత్తి పుట్టింది కూడా ఆ దేశంలోనే. కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్ పట్టణంలో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1906లో తన బంధువు ఐరీన్ న్యూమన్‌కు ఈ పని నేర్పారు, 1913లో పాఠశాల తెరిచారు. అక్కడ చదువుకున్న స్త్రీలు బడులకు వెళ్ళి పిల్లల పళ్ళు శుభ్రపరిచేవారు.

వనపర్తిలో మేము బస చేసిన ఇంటి బిడ్డ బైపీసీలో మంచి మార్కులతో గట్టెక్కింది. ఆ చదువు కావాలని పట్టుబట్టింది కూడా ఆమే. తండ్రికి రెండు అభ్యంతరాలు. ఒకటి, ఊరు విడిచి వెళ్ళాలి. మెడికల్ కాలేజీ 2022లో వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ వచ్చింది గానీ, అక్కడ చెప్పేది వైద్యం, దంతవైద్యం కాదు. దంతవైద్య కళాశాల అంటే మహబూబ్‌నగర్‌కో, హైదరాబాదుకో పోవలసిందే. రెండవది, పరాయి మగవారి నోట్లో చేయిపెట్టే పని. ఆయన ఈ మాట అంటుండగా లోపలి గదిలోనుండి ఇల్లాలి గొంతు వినిపించింది: "నా చిగుళ్ళ నుండి రక్తం కారి రెండేళ్ళాయె. మగ డాక్టరు ముందర నేను నోరు తెరుస్తానా?" తండ్రి తల దించుకున్నారు. మేము జోడించవలసిన వాదన ఏదీ మిగలలేదు. స్త్రీలకు చికిత్స చేసే స్త్రీలు ఉండడం సమాజపు అవసరమని మన విద్వాంసులు ఏనాటినుండో చెబుతున్నదే. ఆ అవసరాన్ని తీర్చే బిడ్డ ఏదో ఒక ఇంటి నుండి బయలుదేరాలి కదా! పైగా ఆ ఇల్లాలికి చక్కెర వ్యాధి కూడా ఉంది. చక్కెర అదుపు తప్పితే చిగుళ్ళు చెడతాయి, చెడిన చిగుళ్ళు చక్కెరను మరింత అదుపు తప్పిస్తాయి.

స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని ఆ ఇంటి ముసలమ్మ గట్టిగా నమ్ముతుంది. ఈ అపోహ పాలమూరంతటా ఉంది. గార పేరుకుని చిగురును కిందికి నెట్టివేస్తుంది, గార తొలగగానే పంటికీ పంటికీ నడుమ ఖాళీ నాలుకకు తగులుతుంది, అంతే. పన్నును వదులు చేసేది గార, దానిని తీసిన చేయి కాదు.

ఉద్యోగాల సంగతి కూడా దాచకుండా చెప్పాము. మనదేశంలో దంతవైద్యులతో పోలిస్తే హైజీనిస్టులు బహు తక్కువ. ప్రభుత్వ కొలువులు అరుదు. చిన్న ఊళ్ళ క్లినిక్కులలో గారను డాక్టరే తీసి, సహాయానికి చదువులేని కుర్రవాడిని తక్కువ జీతానికి పెట్టుకోవడం కద్దు. గల్ఫ్‌కు వెళ్ళినా అక్కడి లైసెన్సు లేనిదే పని దొరకదు. కొన్ని నెలల్లో సర్టిఫికెట్ ఇస్తామనే చోట్లకు పోవద్దు. చేరబోయే కళాశాలకు ఆ యేడు ఆ కోర్సుకు అనుమతి ఉన్నదో లేదో రుసుము కట్టకముందే కాగితం చూసి తెలుసుకోవాలి. ఆ అమ్మాయి ఇవన్నీ నోటు పుస్తకంలో వ్రాసుకుంది.

గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూలు వెళ్ళాము. అక్కడి మక్తబ్‌లో అలిఫ్, బా చెప్పే పసివారి పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు కనిపించాయి. ఒక తల్లి తన కూతురి పళ్ళను ఇటుక పొడితో రుద్దుతున్నదట, పెళ్ళినాటికి తెల్లబడాలని. అది మురికి కాదు, ఫ్లోరోసిస్. పంటి పింగాణీ రూపుదిద్దుకునే బాల్యంలో ఫ్లోరైడు అధికంగా ఉన్న బోరు నీరు త్రాగితే వచ్చే మచ్చ. రుద్దినకొద్దీ పింగాణీ అరుగుతుందే తప్ప మచ్చ పోదు. ఈ వ్యాధిని మనదేశంలో మొదట గుర్తించింది 1937లో, తెలుగు నేల మీదనే, నాటి నెల్లూరు జిల్లాలో. నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదు. నల్లగొండ, పాలమూరు పల్లెలలో పాత బోర్లు అనేకం ఈ హద్దు దాటినవే. నల్లా నీరు వచ్చిన తరువాత కూడా రుచి కోసమని బోరు నీటినే త్రాగే ఇళ్ళు ఉన్నాయి. ఆ తల్లికి ఈ నాలుగు మాటలు చెప్పడానికి దంతవైద్యుడు అక్కరలేదు, ఆ బిడ్డ నోరు తెరిచి చూసి తీరికగా కూర్చుని మాట్లాడే మనిషి చాలు. ఇటుక పొడి ఆపమని ఆమెకు మేమే చెప్పి వచ్చాము. మౌల్వీ చెప్పాడని ఎన్నాళ్ళు వింటుందో!

నాగర్‌కర్నూలుకు రైలు లేదు. బస్టాండులో తిరుగు ప్రయాణపు బస్సు కోసం నిలబడి ఉండగా వనపర్తి నుండి ఫోను వచ్చింది. మదనాపురం దగ్గరి వనపర్తి రోడ్ స్టేషనులో శనివారం రైలెక్కి మహబూబ్‌నగర్ వెళుతున్నారట, కళాశాలలో విచారించడానికి. హాస్టలు గురించి ఎవరిని అడగాలని తండ్రి మమ్మల్ని అడిగారు. తల్లి కూడా బయలుదేరుతున్నదట. అక్కడ లేడీ డాక్టరు ఉంటుందని బిడ్డ చెప్పిందట, ముందుగా తన చిగుళ్ళు చూపించుకుంటానన్నదట.