రంగు వేరు, గుణం వేరు

తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టుకున్నానండీ. పెళ్లికి ముందు విశాఖలో ఉద్యోగం చేసేదాన్ని. పాప పుట్టాక మానేసి రావికమతం వచ్చేశాం. పాపకిప్పుడు మూడో తరగతి. మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలంటే చేతిలో ఒక సర్టిఫికెట్ ఉండాలని స్నేహితురాలు చెబితే సీఏపీఎం పరీక్షకి కూర్చున్నాను. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో అనుభవం లేనివాళ్లు కూడా రాయగలిగేలా అమెరికాలోని పీఎంఐ సంస్థ పెట్టే పరీక్ష అది. మూడు గంటలు, 150 ప్రశ్నలు.

లెక్కలు భయపెట్టలేదు, మాటలే తికమక పెట్టాయి. రిస్క్ వేరట, ఇష్యూ వేరట. కంటింజెన్సీ రిజర్వ్ ఒకటి, మేనేజ్‌మెంట్ రిజర్వ్ ఇంకొకటి. మొదటి మాదిరి పరీక్షలో సగం మార్కులు కూడా రాలేదు. మా ఆయన కాగితం చూసి, "ఫీజు కట్టేముందు ఇంకోసారి ఆలోచించు" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు చిక్కుడుకాయలు వలుస్తూ పైకే చదువుకుంటుంటే అత్తయ్య, "ఏటమ్మా, గోడతో మాటాడతన్నావా?" అన్నారు. కంట్రోల్ క్వాలిటీకీ, వాలిడేట్ స్కోప్‌కీ తేడా తెలియట్లేదని, ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. పని సరిగ్గా వచ్చిందో లేదో మనం చూసుకోవడం మొదటిది. చేయించుకున్నవాళ్లు చూసి ఒప్పుకోవడం రెండోది.

"ఓస్, అంతేనా! పాకం చుక్క నీళ్లలో ఏసి ఉండ కడతందో లేదో మీ మావయ్య చూసీవోరు. అది మనం చూసుకునీది. అనకాపల్లి మార్కెట్‌లో షావుకారు దిమ్మ చూసి సరేననీది ఏరే కదా."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. మావయ్యగారున్నప్పుడు మా చెరకు తోటలోనే బెల్లం వండేవారు. ఇక అక్కణ్ణుంచి ఏ మాట వచ్చినా పెనం దగ్గరికే తీసుకెళ్లాను. పాకం కాగుతుంటే మబ్బు పట్టిందనుకోండి, అది రిస్క్. వాన పడి పొయ్యి ఆరిపోయిందా, ఇష్యూ. గ్యాస్ ముందే అయిపోవచ్చని నేను పోపు డబ్బాలో దాచే డబ్బు కంటింజెన్సీ రిజర్వ్. ఊహించనిది ముంచుకొస్తే అత్తయ్య అనుమతితో బీరువాలోంచి తీసేది మేనేజ్‌మెంట్ రిజర్వ్.

చివరికి గ్రేడ్, క్వాలిటీ దగ్గర ఆగాను. గ్రేడ్ తక్కువైనా తప్పు కాదట, క్వాలిటీ తగ్గితేనే తప్పట. అది చెప్పగానే అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు.

"బెల్లం తెల్లగా రావాలని శానామంది హైడ్రోస్ కలిపీవోరు. మీ మావయ్య కలపనీవోరు కాదు. మన దిమ్మ నల్లగా ఉండీది, రెండో రకం రేటే ఇచ్చీవోరు. మీ ఆయన సిన్నప్పుడు దానికే తండ్రితో దెబ్బలాడీవోడు. రంగు తక్కువే గానీ గుణం తక్కువ కాదురా అనీవోరు ఆయన."

పక్క గదిలో మా ఆయన వింటున్నారని నాకు తెలుసు. ఆ సాయంత్రం ఏమీ అనకుండా ఫీజు కట్టేశారు.

పరీక్ష పాసయ్యాను. ఉద్యోగం మాత్రం ఇంకా రాలేదు. మొన్న ఒక ఇంటర్వ్యూలో, "ఈ తొమ్మిదేళ్లు ఏం చేశారు?" అని అడిగారు. ఇదివరకైతే తల దించుకునేదాన్ని. ఆ ఖాళీ వల్ల వాళ్ల లెక్కలో నేను రెండో రకమేనేమో. అది గ్రేడు సంగతి. ఇల్లు, పాప, అత్తయ్య మందులు, నా చదువు, ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను, గొంతు వణకలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య బెల్లం ముక్క చేతిలో పెట్టి, "ఏటన్నారు?" అని అడిగారు. కబురు చేస్తామన్నారని చెప్పాను.