ఆగినట్టు కనిపించే కట్టర్

మా ఇంటి కింద కారు పెట్టుకోవాల్సిన చోట ఓ మిల్లింగ్ మెషీన్ ఉంది. కారేమో రోడ్డు మీద ఎండకి ఎండుతుంది. బాలానగర్ చుట్టుపక్కల పెరిగినవాళ్ళకి ఇదేమీ వింత కాదు. ఇక్కడ ఏ సందులోకి వెళ్ళినా ఓ లేత్ చప్పుడో, డ్రిల్లింగ్ మెషీన్ చప్పుడో వినిపిస్తూనే ఉంటుంది. నాన్న ముప్ఫై ఏళ్ళు ఓ టూల్‌రూమ్‌లో మెషినిస్టుగా చేసి రిటైరయ్యాక, వచ్చిన డబ్బుల్లో కొంత పెట్టి పాత ఎం1టీఆర్ కొన్నాడు. పైన నిలువుగా తిరిగే స్పిండిల్, కింద అటూ ఇటూ జరిగే టేబుల్, దాని మీద జాబ్‌ని బిగించే వైస్. చుట్టుపక్కల షాపులవాళ్ళు తెచ్చే చిన్న పనులు చేస్తుంటాడు. షాఫ్ట్‌కి కీవే కొట్టడం, డై ప్లేటు సాపు చేయడం, విరిగిన బ్రాకెట్ చూసి కొత్తది చేసివ్వడం లాంటివి.

నేను మెకానికల్‌లో బీటెక్ చేసి, మా బ్యాచ్‌లో చాలామందిలాగే కోడ్ రాసుకుని బతుకుతున్నా. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. మీటింగ్‌లో మ్యూట్ తీస్తే కింద నుంచి కట్టర్ చప్పుడు. మా టీమ్‌వాళ్ళు అదేంటని అడగడం కూడా మానేశారు.

కొంతకాలంగా ఒకటి గమనిస్తున్నా. నాన్న తల కట్టర్‌కి దగ్గరవుతోంది. ఇదివరకు నిటారుగా నిలబడి చూసేవాడు. ఇప్పుడు జానెడు దూరంలోకి వంగిపోతున్నాడు. ఎడమ చేత్తో ఫోన్ టార్చి, కుడి చేత్తో టేబుల్ హ్యాండిల్. అమ్మకీ ఇదంతా కనిపిస్తోంది. "ఆ మిషిన్ అమ్మేయుండ్రి. వేలు పోయినంక అనుకుంటే ఏం లాభం?" అని రోజూ అన్నం పెట్టేటప్పుడు అంటోంది. కళ్ళ డాక్టర్ చూసి రెండు కళ్ళలోనూ శుక్లం మొదలైందని, కుడి కన్ను ముందు చేయించుకోవాలని చెప్పారు.

"నా కండ్లకేం కాలే. ఈడ వెల్తురే సరిగ లేదు" అన్నాడు నాన్న.

అమ్మ నమ్మలేదు. నేను సగం నమ్మాను. ఎందుకంటే రెండో మాట నిజం. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు రంగుకి తిరుగుతుంది. అరవై ఏళ్ళ కంటి రెటీనాకి చేరే వెలుగు ఇరవై ఏళ్ళ కంటికి చేరేదాంట్లో దాదాపు మూడో వంతే. నాకు బాగానే కనిపిస్తోంది కదా అని నేననుకునే గది ఆయనకి మునిమాపు వేళ.

పైగా మా షెడ్డులో ట్యూబ్‌లైటు నాన్న వీపు వెనక ఉంది. ఆయన ముందుకి వంగగానే తల నీడ సరిగ్గా వైస్ మీద పడుతుంది. కనిపించట్లేదని ఇంకా వంగుతాడు, నీడ ఇంకా చిక్కబడుతుంది. పక్కనే మెడ వంచే ల్యాంప్ ఒకటి ఉంది. కిరాణా షాపులో తెచ్చిన ఎల్‌ఈడీ బల్బు దానికి పెట్టి ఉంది. నాకు అసలు భయం పుట్టించింది ఆ బల్బే.

చిప్స్ ఎగరడం అందంగా ఉంటుందని ఓ రోజు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశా. వెనక్కి వేసి చూస్తే, ల్యాంప్ కింద వెలుగు గుండె కొట్టుకున్నట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. లోపల సరైన కెపాసిటర్ లేని చవక బల్బు సెకనుకి 100 సార్లు వెలిగి మసకబారుతుంది. మామూలుగా చూస్తే కన్ను దాన్ని పట్టుకోదు. ఇప్పుడు చిన్న లెక్క. కట్టర్ నిమిషానికి 1500 సార్లు తిరుగుతోందంటే సెకనుకి 25 సార్లు. దానికి నాలుగు పళ్ళు. అంటే ఒక చోటు దాటి సెకనుకి 100 పళ్ళు వెళ్తాయి. వెలుగు మెరిసే ప్రతిసారీ ఒక పన్ను వెళ్ళిపోయి ఇంకో పన్ను అదే చోటుకి వచ్చి ఉంటుంది. చూసేవాడికి కట్టర్ ఆగి ఉన్నట్టే అనిపిస్తుంది. స్పీడు కొంచెం తగ్గితే నిదానంగా వెనక్కి తిరుగుతున్నట్టు కూడా అనిపిస్తుంది, సినిమాల్లో బండి చక్రంలాగా. అల్యూమినియం మీద 10 మిల్లీమీటర్ల హైస్పీడ్ స్టీల్ కట్టర్‌కి 1500 అనేది రోజూ వాడే స్పీడే.

చప్పుడు వినబడుతుంది కదా అంటారా? వెనక సందులో పవర్ ప్రెస్ దబదబ పడుతుంటే ఏ చప్పుడు ఎవరిదో చెప్పడం కష్టం. శుక్లం ఉన్న కన్ను, ఆగినట్టు కనిపించే కట్టర్, చిప్స్ తుడవడానికి పోయే చెయ్యి. ఈ మూడూ ఒక్క క్షణం కలిస్తే చాలు.

ఇది కొత్త సంగతేమీ కాదట. వీడియో చూపిస్తే నాన్న పెద్దగా ఆశ్చర్యపోలేదు. చోక్ ట్యూబ్‌లైట్ల కాలంలో ఫ్యాక్టరీల్లో పక్కపక్క ట్యూబ్‌లని వేరే వేరే ఫేజుల మీద వేసేవాళ్ళని చెప్పాడు. ఒకటి మసకబారే క్షణంలో ఇంకొకటి వెలుగుతుంది. మెషీన్ మీద మాత్రం ఫిలమెంట్ బల్బే ఉండేది. దాని తీగ వేడి అంత తొందరగా చల్లారదు కాబట్టి వెలుగు పెద్దగా ఊగదు. ఇంటికొచ్చేది ఒకటే ఫేజు, ఫిలమెంట్ బల్బులేమో ఇప్పుడు వెతుక్కోవాలి.

మీ ఇంట్లో బల్బు సంగతి తెలుసుకోవాలంటే స్లో మోషన్ కూడా అక్కర్లేదు. దాని కింద ఓ పెన్ను పట్టుకుని అటూ ఇటూ గబగబా ఊపండి. మసక పట్టీలా కనిపిస్తే ఫర్వాలేదు. విడివిడిగా పది పెన్నులు కనిపిస్తే ఆ బల్బు మెరుస్తున్నట్టే.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి, కార్ల హెడ్‌లైట్లలో పెట్టే తెల్లటి ఎల్‌ఈడీ రింగు తెచ్చా. 12 వోల్టుల డీసీతో నడుస్తుంది. సరైన అడాప్టర్ పెడితే వెలుగు ఊగదు. డిమ్మర్ కొనలేదు. చవక డిమ్మర్లు లైటుని ఆన్, ఆఫ్ చేస్తూనే వెలుగు తగ్గిస్తాయి, మళ్ళీ అదే కథ. రింగు ఎందుకంటే, స్పిండిల్ చుట్టూ ఉంటే వెలుగు అన్ని పక్కల నుంచీ పడుతుంది. ఒక పక్క నీడని ఇంకో పక్క వెలుగు చెరిపేస్తుంది. ఆపరేషన్ థియేటర్‌లో డాక్టర్ తల మీది పెద్ద లైటు కిటుకు అదే. నాన్న తలకీ వైస్‌కీ మధ్యలో, జాబ్‌కి జానెడు ఎత్తులో లైటు ఉన్నాక తల ఎక్కడుంటే ఏంటి?

బిగించే పని మాత్రం నాన్నదే. అయస్కాంతాలు వద్దే వద్దన్నాడు. ఇనుప రజను మొత్తం వాటికే పట్టుకుంటుందట. అల్యూమినియం ప్లేటులోంచి ఓ చట్రం ఆ మెషీన్ మీదే కోశాడు. కిందికీ పైకీ దిగే క్విల్‌కి, అంటే తిరగని భాగానికి, మూడు స్క్రూలతో బిగించాడు. ఎల్‌ఈడీల వేడి కూడా ఆ అల్యూమినియంలోకే పోతుంది. బయటి అంచు ఒక సెంటీమీటరు కిందికి దించాడు. శుక్లం ఉన్న కంట్లో నేరుగా లైటు పడితే లోపల వెలుగు చెదిరిపోయి అంతా తెల్లగా మసకేస్తుంది. దాని గురించి నేను చదివి తెలుసుకుంటే, ఆయనకి ఎదురుగా వచ్చే బండి లైట్లతో అనుభవమే.

కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలన్న దగ్గర నా పాత వైఫై రౌటర్ బ్యాటరీ పనికొచ్చింది. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్ళ ఇళ్ళలో ఉండే 12 వోల్టుల చిన్న డబ్బా అది. దాని గుండా రింగుకి వైరు ఇచ్చా. షెడ్డుకి ఇన్వర్టర్ లేదు. కరెంటు పోయినా స్పిండిల్ వెంటనే ఆగదు, కొన్ని సెకన్లు తిరుగుతుంది. ఇదివరకు ఆ సెకన్లు చీకట్లో గడిచేవి. ఇప్పుడు కట్టర్ ఆగేదాకా కనిపిస్తూనే ఉంటుంది. నాకు ఈ మొత్తం పనిలో బాగా నచ్చింది ఇదే, నిజం చెప్పాలంటే.

ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్‌తో చూశా. అది గజం బద్దంత కచ్చితం కాదనుకోండి, ముందూ వెనకా పోల్చుకోవడానికి చాలు. నాన్న వంగి ఉన్నప్పుడు వైస్ మీద 150 దాటేది కాదు. ఇప్పుడు వెయ్యికి పైనే చూపిస్తోంది. మిల్లీమీటరులో పదో వంతు కంటే సూక్ష్మమైన మెషీన్ పనికి యూరప్ ప్రమాణం ఈఎన్ 12464 అడిగేది 500 లక్స్, కళ్ళ వయసు పెరిగితే ఇంకా కావాలి.

అయినా నాన్న ఓ వంక పెట్టాడు. అన్ని పక్కల నుంచీ వెలుగు పడితే స్క్రైబర్ గీత కనబడట్లేదట. నిజమే. గీత కనిపించేదే దాని సన్నని నీడ వల్ల. "పొద్దుగూకేటప్పుడు ఎండ అడ్డంగ పడితే గోడ మీద గుంటలన్నీ కనవడ్తయ్ గద బిడ్డా, గట్ల పడాలె" అన్నాడు. పాత ల్యాంప్‌లో బల్బు మార్చి, పెన్ను ఊపి చూసి, పక్క నుంచి బాగా కిందికి వంచి పెట్టాం. గీత చూసుకునేటప్పుడు అది, కోసేటప్పుడు రింగు.

కుడి కన్ను ఆపరేషన్ అయింది. డాక్టర్ ఆగమన్న రోజులన్నీ ఆగి, నాన్న కిందికి దిగి రింగు వేశాడు. "ఇదేంది, గింత నీలంగ కొడుతున్నది?" అన్నాడు. రింగు మొదటి నుంచీ 6500 కెల్విన్, అంటే నీలం కలిసిన తెలుపు. పసుపెక్కిన పాత కటకం ఇన్నాళ్ళూ ఆ నీలాన్ని అడ్డుకుంది. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, రెండు రంగులూ పోల్చుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. 4000 కెల్విన్‌ది తెమ్మంటున్నాడు. ఎడమ కన్ను కూడా అయ్యాక చూద్దామంటే, ఈ ఆదివారమే పోదామంటున్నాడు.

మెషీన్ అమ్మే మాట అమ్మ ఇంకా వదల్లేదు. కానీ కోఠి వెళ్తే తనకీ ఓ పట్టీ లైటు తెమ్మంది, వంటింటి గట్టు మీదికి. కూరగాయలు తరిగేటప్పుడు తన తల నీడ కూడా కత్తి మీదే పడుతోందట.