ఆదేశమైన ఇంజను

ఆగమానికీ ఆదేశానికీ భేదం చెప్పడానికి తరగతిలో నాకొక ఉపాయం ఉండేది. ఆగమం మిత్రునివలె వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువువలె వచ్చి, ఉన్నవాణ్ణి లేపి, ఆ పీటమీద తాను కూర్చుంటుంది. ముప్పై ఏళ్లు నేను చెప్పిన ఈ పాఠాన్ని నిరుడు మా అన్నయ్య కారు నాకే తిరిగి చెప్పింది.

అది 1989 నాటి అంబాసిడర్, పెట్రోలు బండి. పదిహేనేళ్లు నిండగా 2004లో రిజిస్ట్రేషనును మరో అయిదేళ్లకు పొడిగించుకున్నాడు. 2011లో ఆయన కాలం చేశాక బండి షెడ్డులోనే ఉండిపోయింది. నిరుడు వదినగారు తాళాలు నా చేతికిచ్చి, ఏదో ఒక దారి చూడమన్నారు. మరమ్మతు చేయించి, కాగితాలు సరిచేయించి, అన్నయ్య గుర్తుగా నడుపుకోవాలని నా ఆశ.

మెకానిక్ బానెట్ ఎత్తి, "మాస్టారూ, ఇది డీజిల్ ఇంజనండీ" అన్నాడు. ఆర్.సి. పుస్తకంలో ఇంధనం పెట్రోలు. అందులోని ఇంజను నంబరుకూ, ఇనుము మీద చెక్కిన నంబరుకూ ఒక్క అంకె కలవలేదు. 2004 తరువాత ఎప్పుడో అన్నయ్య ఏ పాత బండి ఇంజనో కొని బిగించాడన్నమాట. రసీదు లేదు, అనుమతి లేదు.

రవాణా కార్యాలయంలో ఒక అధికారి ఓపికగా చెప్పారు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఇందుకే ఉన్నది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే స్థిరపరచింది. సి.ఎన్.జి., ఎల్.పి.జి., బ్యాటరీ వంటి వాటికి మారాలంటే ఆమోదం పొందిన కిట్‌తో, నిబంధనల ప్రకారం మారవచ్చు. పది గాని అంతకు మించి గాని రవాణా వాహనాలు ఉన్నవారికి, అదే తయారీ, అదే రకం ఇంజను ముందస్తు అనుమతి లేకుండా వేసుకునే వెసులుబాటును రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వవచ్చు. వారైనా పద్నాలుగు రోజుల్లో తెలియజేసి ఆర్.సి.లో రాయించుకోవాలి. అక్రమంగా మార్చిన యజమానికి 2019 సవరణ ప్రకారం ఒక్కొక్క మార్పుకు అయిదువేల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని.

వింటుంటే నాకు స్థానివద్భావం గుర్తుకు వచ్చింది. ఆదేశంగా వచ్చినదాన్ని మొదటిదానివలెనే భావించి కార్యాలు జరిపించవచ్చునని వ్యాకరణం అంగీకరిస్తుంది. అయితే వర్ణాన్నే ఆశ్రయించిన విధుల్లో ఆ న్యాయం చెల్లదు. ఇంజను విషయంలో ఆ వర్ణం పొగ. పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడునూ, హైడ్రోకార్బన్లనూ కొలుస్తారు. డీజిలు బండికి పొగ చిక్కదనాన్ని కొలుస్తారు. కాగితం మీద పెట్రోలు, బానెట్ కింద డీజిలు అయితే కాలుష్య పరీక్ష చేసేవాడు దేన్ని కొలవాలి?

బయట చెట్టుకింద ఒక బ్రోకరు నా వెంట నడిచాడు. "ఆ నంబరు అరగదీసి ఆర్.సి.లో నంబరు కొట్టించేద్దాం సార్, ఎవరు చూస్తారు?" అన్నాడు. దాచడమెందుకు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్నయ్య బండి మళ్లీ రోడ్డెక్కుతుందన్న ఆశ ఒకవైపు. ఒక అక్షరం దిద్ది మార్కులు పెంచుకున్న పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించిన చేతులు మరొకవైపు.

మరునాడు వదినగారితో చెప్పాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. "అమ్మాయి ఇంజనీరింగు ఫీజుల రోజులవి. పెట్రోలుకూ డీజిలుకూ మధ్య మిగిలే రూపాయలు లెక్కవేసుకుని వేయించారు. రాయించాలి, రాయించాలి అంటూనే ఉండేవారు. ఆయన రాయించనిది తప్పే. దాని మీద మనం ఇంకొక అబద్ధం కొట్టించవద్దు" అన్నారు.

అన్నయ్య మీద నాకు కలిగిన చిన్న కినుక అక్కడితో కరిగిపోయింది. ఆయన చేసిన తప్పు మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

బండిని ప్రభుత్వ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికి అప్పగించి, రిజిస్ట్రేషను రద్దుకు దరఖాస్తు పెట్టాము. ఇచ్చిన సొమ్ము వదినగారు మనవరాలి పేరున బ్యాంకులో వేశారు.

చదివే మిత్రులకు ఒక్క విన్నపం. పాత బండికి గుండె మార్చాలనుకుంటే రెంచీ పట్టకముందే కలం పట్టండి. అనుమతి, ఇంజను కొన్న రసీదు, ఆర్.సి.లో నమోదు, బీమా పత్రంలో కొత్త నంబరు, ఆపైన పొగ పరీక్ష. నంబరు పెన్సిలుతో రుద్ది తీసుకున్న కాగితం ముక్క ఇంకా నా నిఘంటువులో ఉన్నది. ఆ పేజీ తెరిచినప్పుడల్లా, రాయించాలి రాయించాలి అంటూ తిరిగిన మా అన్నయ్యే కనిపిస్తాడు.