మామూలేనండీ

మాది ఎస్సార్ నగర్. గేటు దాటి పావుగంట నడిస్తే అమీర్‌పేటలోని మైత్రీవనం. ఆ దారి పొడవునా కరెంటు స్తంభాలకీ, బాల్కనీలకీ, టిఫిన్ బండి వెనక గోడకీ వేలాడే ఫ్లెక్సీలు చదువుకుంటూ పోతే ఏ కాలంలో ఏ ఉద్యోగానికి గిరాకీ ఉందో తెలిసిపోయేది. 2000 సంవత్సరం రాకముందు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్. ఆ తర్వాత జావా, డాట్‌నెట్. ఆపైన టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, డెవాప్స్. ఇప్పుడు ఏ గోడ చూసినా ఏఐ. ఫ్లెక్సీ మారుతుంది గానీ, దాని కింద నిలబడి ఫోన్లో ఫొటో తీసుకునే కుర్రాడు మారడు. భుజాన బ్యాగు, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, సాయంత్రం ఫోనొస్తే నాన్నకేం చెప్పాలన్న దిగులు.

అలాంటివాళ్లు నలుగురు మా అపార్ట్‌మెంటు పైన పెంట్‌హౌస్‌లో అద్దెకుంటారు. రెండేళ్ల కింద ఓ ఆదివారం వాళ్లలో ఒకడు రెజ్యూమె పట్టుకుని కిందికి దిగొచ్చాడు. "అంకుల్, మీరు పేపర్లో చేశారట కదా, కొంచెం స్పెల్లింగులు చూసిపెడతారా?" 30 ఏళ్లు డెస్కులో కూర్చుని ఎవరెవరి వాక్యాలో దిద్దినవాణ్ణి, కాగితం కనబడితే చెయ్యి ఊరుకోదు. అలా మొదలైంది. ఇప్పుడు ఆదివారం పొద్దున మా హాల్లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. మా ఆవిడ దీనికి 'కాఫీ ఖర్చుల కన్సల్టెన్సీ' అని పేరు పెట్టింది. ఈ పని చేసేవాళ్లను కెరీర్ కోచ్‌లంటారనీ, గంటకింతని తీసుకుంటారనీ నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ఉచితమని పేరుపడిపోయాను.

ఆ కుర్రాడి కాగితంలో స్పెల్లింగులు బాగానే ఉన్నాయి. ఎందుకుండవు, అందులో ఒక్క ముక్కా అతను రాసింది కాదు. సవాళ్లతో కూడిన వాతావరణంలో తన నైపుణ్యాన్ని సంస్థ ఎదుగుదలకు ధారపోయాలని ఉందట. బలం, కష్టపడే తత్వం. బలహీనత, మరీ ఎక్కువ కష్టపడటం. ప్రాజెక్టు, లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. అడుగున, పైవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమేనని ఒక ప్రమాణం, స్థలం, తేదీ, సంతకం. జిరాక్స్ షాపు కంప్యూటర్లో ఉండే నమూనా అది. పేరూ ఫోన్ నంబరూ మారుస్తారు, అంతే. ఇంతమంది ఇంజినీర్లు లైబ్రరీలకు సాఫ్ట్‌వేర్ రాశారు కదా, నేను వెళ్లే గ్రంథాలయంలో మాత్రం ఇప్పటికీ అట్టలూడిన రిజిస్టరే.

"ఇది సరే నాన్నా, కాలేజీ అయ్యాక ఏడాదిన్నర ఏం చేశావు?"

"ఏమీ లేదంకుల్. ఊళ్లో ఉన్నాను."

"ఊళ్లో ఏం చేశావు?"

"మామూలే. చిలకలూరిపేట దగ్గర నాన్నకు ఎరువుల కొట్టుంది. అందులో కూర్చున్నాను."

ఈ 'మామూలే' దగ్గర చాలామంది ఆగిపోతారు, అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ. ఆ రోజు వాన పడుతోంది, నాకు వేరే పనిలేదు. ఇంకా అడిగాను. కొట్టులో 300 మంది రైతుల అరువు ఖాతాలున్నాయి. మిర్చి అమ్ముడయ్యాక తీరుస్తామని బస్తాలు, మందు సీసాలు పట్టుకెళతారు. ఆ పద్దులన్నీ నాన్నగారికి తప్ప మరెవరికీ కొరుకుడుపడని గుర్తుల్లో చిట్టా పుస్తకాల నిండా ఉన్నాయి. కుర్రాడు వాటిని మూడు నెలల్లో ఎక్సెల్‌లోకి ఎక్కించాడు. నలుగురు కోటేశ్వరరావులు కలిసిపోతుంటే తండ్రి పేరూ, పొలానికి పోయే డొంక పేరూ చేర్చి విడదీశాడు. ఒకే బస్తా రెండుచోట్ల పడ్డ పద్దులు పట్టుకున్నాడు. ఒక కోటేశ్వరరావు తన బాకీ కాక ఇంకో కోటేశ్వరరావు బాకీ కూడా కొంత తీర్చేశాడని తేలితే, డబ్బు వెనక్కి ఇచ్చి రమ్మని నాన్నను పంపాడు.

ఇంతకీ ఇతను వెతుకుతున్నది టెస్టింగ్ ఉద్యోగం. తప్పు ఎక్కడ దొర్లుతుందో ముందే ఊహించి పట్టుకునే పని. "మరి ఇది రాయలేదేం?" అంటే "అది ఇంటి పని కదంకుల్" అన్నాడు. లైబ్రరీని కొట్టేసి ఆ చోట ఎరువుల కొట్టు గురించి నాలుగు వాక్యాలు రాశాం. తర్వాతి ఇంటర్వ్యూలో పావుగంట ఆ కోటేశ్వరరావుల మీదే మాట్లాడారట. ఆ ఉద్యోగం రాలేదు. దాని తర్వాతది వచ్చింది.

ఈలోగా ఎవరో అతనికి "మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకో, లెటర్లు మేమిస్తాం" అని ఆశపెట్టారు. అమీర్‌పేటలో ఈ మాట వినని నిరుద్యోగి ఉండడు. నేను నీతి చెప్పలేదు, ఆకలి మీద ఉన్నవాడికి నీతి ఎక్కదు. యూఏఎన్ సంగతి చెప్పాను. 2014 నుంచి ఒక్కో ఉద్యోగి పీఎఫ్ ఖాతాలన్నీ ఒకే నంబరు కిందికి వచ్చాయి. ఎక్కడ ఏ నెలనుంచి ఏ నెలదాకా చేశామో అందులో కనబడుతుంది. రిలీవింగ్ లెటరు ఎంత అందంగా అచ్చువేసినా, వెరిఫికేషన్ వాళ్లు చూసేది ఆ వరసనే. చేరాక ఆరు నెలలకు బయటపడితే ఉద్యోగంతోపాటు అసలైన ఆరు నెలల అనుభవం కూడా పోతుంది. లెక్క తెలిసిన కొట్టు కొడుకు కాబట్టి వెంటనే అర్థమైంది.

రెజ్యూమె గండం గట్టెక్కాక అసలు గండం, "మీ గురించి చెప్పండి" అనే ప్రశ్న. మా హాల్లో నేను ఇంటర్వ్యూ చేసేవాడి వేషం కట్టి ఈ ప్రశ్న వేస్తే, పదిమందిలో తొమ్మిదిమంది నాన్నగారితో మొదలుపెడతారు. మా నాన్న వ్యవసాయం చేస్తారు, అమ్మ గృహిణి, అక్కకు పెళ్లయింది. తప్పు వాళ్లది కాదు. ఊళ్లో కొత్త ముఖం కనబడితే అరుగుమీది పెద్దాయన అడిగేది "ఎవరబ్బాయివిరా?" అనే. పెళ్లి పందిట్లోనూ అదే ప్రశ్న. పాతికేళ్లు దానికే జవాబు చెప్పి చెప్పి, ఉన్నట్టుండి ఏసీ గదిలో ఎవరో "నువ్వేం చేశావు?" అంటే నాలుక ఎక్కడ తిరుగుతుంది?

దానికితోడు, తనను తాను పొగుడుకోవడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటులేని పని. భారతంలో కర్ణపర్వంలో ఒక ఘట్టం ఉంది. కర్ణుడి చేతిలో దెబ్బతిని శిబిరంలో పడుకున్న ధర్మరాజు, తమ్ముడి గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమంటాడు. అలా అన్నవాడి తల తీస్తానని అర్జునుడికి ఒట్టు. కత్తి దూస్తాడు. పెద్దవాణ్ణి 'నువ్వు' అని తూలనాడితే చంపినట్టేనని కృష్ణుడు దారి చూపిస్తాడు. తిట్టేశాక పశ్చాత్తాపంతో తనను తాను పొడుచుకోబోతాడు అర్జునుడు. దానికీ కృష్ణుడి దగ్గర ఉపాయం ఉంది. నిన్ను నువ్వు పొగుడుకో, ఆత్మహత్యతో సమానం. శివుడు తప్ప నాకు సాటి విలుకాడు లేడని అర్జునుడు మొదలుపెడతాడు. ప్రతి ఇంటర్వ్యూకి ముందు నాకు ఈ కథ గుర్తొస్తుంది. మనవాడు లోపలికి వెళ్లి చేయాల్సింది అదే మరి. అర్జునుడంతటివాడికే శిక్షగా పడిన పని.

అందుకని నేను పొగుడుకోమనను, కబురు చెప్పమంటాను. "నేను నిజాయితీపరుణ్ణి" అనడం పొగడ్త. "గల్లాపెట్టెలో 2,000 ఎక్కువ వస్తే రాత్రి పదిదాకా కూర్చుని ఎవరివో తేల్చాను" అనడం కబురు. కబుర్లు చెప్పడం మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. జాంబవంతుడు హనుమంతుడికి బలం గుర్తుచేసిన కథను మోటివేషన్ ఉపన్యాసాలవాళ్లు అరగదీశారు గానీ, అక్కడా ఆ పెద్దాయన "నువ్వు చెయ్యగలవు" అని భుజం తట్టి ఊరుకోలేదు. పసితనంలో సూర్యుణ్ణి చూసి పండనుకుని ఎగిరావు నాయనా అని, జరిగింది చెప్పాడు.

ఈ సలహాల వృత్తికి ఆద్యుడు ఎవరా అని ఒకసారి వెతికితే ఫ్రాంక్ పార్సన్స్ అనే అమెరికన్ తేలాడు. 1908లో బోస్టన్‌లో ఒకేషన్ బ్యూరో తెరిచి, ఏ పని ఎంచుకోవాలో తెలియని కుర్రాళ్లను కూర్చోబెట్టి గంటలకొద్దీ ప్రశ్నలడిగేవాడు. ఆయన చదివింది సివిల్ ఇంజినీరింగ్. రైల్వేలో పనిచేశాడు, కూలికి వెళ్లాడు, బడిలో పాఠాలు చెప్పాడు, లా ప్రాక్టీసు చేశాడు, బోస్టన్ మేయరు పదవికి పోటీచేసి ఓడిపోయాడు. బ్యూరో తెరిచిన ఏడే పోయాడు, ఈ పని మీద ఆయన రాసిన పుస్తకం మరుసటి ఏడు వచ్చింది. మనవైపు పుట్టుంటే "ఎక్కడా నిలకడలేని మనిషి" అని సంబంధం కూడా కుదిరేది కాదు.

బోస్టన్ గాలిలోనే ఏదో ఉన్నట్టుంది. ఆ ఊరి పక్కనే న్యూటన్‌లో, ఉద్యోగాలు మారినవాళ్లను మార్క్ గ్రనోవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త ఆరా తీశాడు. 1973లో అచ్చయిన ఆయన వ్యాసం ప్రకారం, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఆ తెలిసినవాణ్ణి తరచూ కలుస్తున్నవాళ్లు నూటికి 17 మందే. మిగతా అందరికీ కబురు తెచ్చింది అప్పుడప్పుడు కలిసేవాళ్లు, ఎప్పుడో గానీ కనబడనివాళ్లు. ఆలోచిస్తే సబబే. బావకు తెలిసిన ఖాళీలు మనకూ తెలిసినవే, ఇద్దరం ఒకే కంచంలో తింటున్నాం. పాత ఆఫీసులో పక్క సెక్షన్లో కూర్చున్న మనిషి తిరిగే లోకం వేరు. కానీ మనవాళ్లు ఉద్యోగం పోతే చేసే మొదటి పని, పరిచయస్తులకు ముఖం చాటేయడం. బావకూ బాబాయికీ చెప్పి, మిగతా లోకానికి 'వర్క్ ఫ్రమ్ హోమ్' అంటారు. 17 మంది వైపు తలుపు తెరిచి, 83 మంది వైపు గడియ పెట్టుకోవడమన్నమాట.

మా రోజుల్లో ఈ గొడవ లేదు, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి కార్డుండేది. జిల్లా కేంద్రానికి బస్సెక్కి వెళ్లి, వరసలో నిలబడి రెన్యువల్ చేయించుకుని వస్తే ఏదో చేశామన్న తృప్తి. ఆఫీసులు తమ ఖాళీలను ఎక్స్చేంజికి తెలపాలని 1959 చట్టంలో ఉండేది. ఆ కార్డున్నవాణ్ణే తీసుకోవాలని మాత్రం అదే చట్టంలో ఎక్కడా ఉండేది కాదు. నా కార్డు ఇప్పటికీ బీరువాలో ఉంది. పిలుపు ఇంకా రాలేదు.

దారి మార్చుకోవాలనుకునేవాళ్ల తరహా వేరు. మూడో అంతస్తులో ఉండే మెడికల్ రెప్పుకు 42 ఏళ్లు. డాక్టర్ల గుమ్మాల ముందు పడిగాపులు పడీ పడీ విసుగెత్తి, రాజీనామా చేసి పాల డెయిరీ పెడతానన్నాడు. యూట్యూబులో గేదెలన్నీ కడిగిన ముత్యాల్లా ఉంటాయి. నేను అడిగింది ఒక్కటే, ఇంట్లో ఎన్ని నెలలకు బియ్యం ఉన్నాయని. బియ్యమంటే బియ్యం కాదు. అద్దె, స్కూలు ఫీజు, అమ్మ బీపీ మాత్రలు, అన్నీ కలిపి. పెదాలు కదుపుతూ లెక్కేసి "నాలుగు" అన్నాడు. రాజీనామా కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ముందు పది రోజులు సెలవుపెట్టి ఎవరి డెయిరీలోనైనా పనిచేసి రమ్మన్నాను. జనగామ దగ్గర మేనమామ కొడుకు షెడ్డుకు వెళ్లాడు. తెల్లవారుజామున మూడున్నరకు లేవాలి. గేదెకు ఆదివారం తెలియదు. పాలకేంద్రంలో వెన్న శాతం తగ్గితే లీటరు ధర తగ్గుతుంది, ఎవరితో చెప్పుకుంటాం? ఆరో రోజుకే తిరిగొచ్చాడు. కానీ ఉత్తచేతులతో రాలేదు. అక్కడికొచ్చే పశువుల మందుల రెప్పుతో పరిచయం చేసుకొచ్చాడు. ఇప్పుడు అదే కంపెనీ సంచీ మోస్తూ ఊళ్లు తిరుగుతున్నాడు. గుమ్మం ముందు పడిగాపులు లేవట, నేరుగా కొట్టంలోకే రమ్మంటారట.

అయితే నాకు బాగా నచ్చిన కేసు మా రెండో అంతస్తు చెల్లెమ్మది. బీకాం చదివింది. పెళ్లికి ముందు రెండేళ్లు ఓ ఆడిటర్ దగ్గర చేసింది. తర్వాత 11 ఏళ్లు ఖాళీ. దాన్నే రెజ్యూమెల భాషలో 'గ్యాప్' అంటారు, పన్నూడితే కనబడే సందులాగా. చిన్నది బడికి వెళుతోంది కాబట్టి ఏదైనా చేద్దామనుకుంటోంది. "మధ్యలో ఏం చేశావమ్మా?" అంటే, ఊహించినట్టే, "మామూలేనండీ అన్నయ్యగారూ, ఇల్లు చూసుకున్నాను."

మా ఆవిడ కాఫీ ఇస్తూ నవ్వేసింది. నవ్వదా మరి! మా అపార్ట్‌మెంటులో 64 ఫ్లాట్లు. ఆరేళ్లుగా ప్రతి నెలా మెయింటెనెన్సు వసూలు చేసేదీ, లిఫ్టువాడితో, నీళ్ల ట్యాంకరువాడితో, వాచ్‌మన్ అడ్వాన్సులతో తలపడేదీ, ఏడాదికోసారి మీటింగులో జమాఖర్చు చదివేదీ ఈ చెల్లెమ్మే. ప్రెసిడెంటు పేరున్న పెద్దమనిషి సంతకం పెడతాడు, అంతే. ఇదికాక 20 మందితో ఒక చీటీ నడిపింది. ఆ ముక్క మాత్రం కాగితం మీద పెట్టొద్దన్నాను. రిజిస్ట్రేషన్ లేని చీటీ 1982 చట్టం ప్రకారం నేరం, ఎంత నిక్కచ్చిగా నడిపినా సరే. మిగతాది మొత్తం నెలవారీ అంకెలతో రాశాం.

పంజాగుట్టలో ఒక దంతవైద్యశాలలో ముందుగదిలో కూర్చుని బిల్లులూ బాకీలూ చూసే ఉద్యోగం. ఇంటర్వ్యూలో జరిగింది ఆవిడే వచ్చి చెప్పింది. డాక్టరుగారు ఆ 11 ఏళ్ల దగ్గరే వేలు పెట్టారు. 64 ఇళ్ల దగ్గర డబ్బు వసూలు చేశానంది. ఎగ్గొట్టినవాళ్లు లేరా అన్నారు.

"ఇద్దరండీ. ఒకాయన పోయారు, వాళ్లావిడను అడగలేదు. రెండో ఆయన ఇల్లు అమ్ముకుని చెప్పకుండా వెళ్లిపోతుంటే, సామాన్ల లారీకి అడ్డంగా నా స్కూటీ పెట్టాను."

సోమవారం నుంచి రమ్మన్నారట. స్వీటు డబ్బా టీపాయ్ మీద పెట్టి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి లేచింది. గుమ్మం దాకా వెళ్లి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ వెనక్కి తిరిగింది.

"అన్నట్టు అన్నయ్యగారూ, మీవి రెండు నెలలవి రావాలి."