అన్‌లిమిటెడ్ అంటే ఎంత?

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు నిన్న టీ తాగుతూ అడిగాడు, "అన్నా, చిన్న అప్లికేషన్ ఒకటి రాశాను. ఎక్కడ హోస్ట్ చేస్తే చవగ్గా వస్తుంది?" అని. 2011లో నేనూ ఇదే ప్రశ్న వేసుకుని, ఆ 'చవగ్గా' దగ్గరే ఆగిపోయాను. తర్వాత ఏమైందో చెప్తాను వినండి.

గుంటూరు దగ్గర మా బాబాయికి కోల్డ్ స్టోరేజీ ఉంది. మిర్చి టిక్కీలు పెట్టుకున్న రైతుకి రసీదు ఇవ్వాలి. సరుకు మీద అప్పుకి వెళ్ళేవాళ్ళకి ఆ కాగితమే ఆధారం. ఆ లెక్కలకి పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో ఒక అప్లికేషన్ రాసిచ్చాను. హోస్టింగ్ ఎక్కడంటారా? నెలకి వంద రూపాయల లోపు, స్పేసు అన్‌లిమిటెడ్, బ్యాండ్‌విడ్త్ అన్‌లిమిటెడ్ అన్నచోట! (అన్‌లిమిటెడ్ భోజనం అని బోర్డు పెట్టిన హోటల్లో మూడోసారి పప్పు అడిగితే సర్వరు మొహం ఎలా పెడతాడో తెలిసీ నమ్మాను.)

మార్చిలో, సీజను మంచి ఊపు మీదుండగా బాబాయ్ ఫోను. "ఏరా అబ్బాయ్, ఏదో ఇంగ్లీషులో వస్తోంది, రసీదు రావట్లేదు. బయట పాతికమంది నిలబడి ఉన్నారు." చూస్తే అకౌంట్ సస్పెండెడ్! కారణం, నేను సీపీయూ ఎక్కువ వాడానట. షరతుల్లో అడుగున ఉంది లెండి. స్పేసుకి హద్దు లేదు గానీ సీపీయూకి, ఫైళ్ళ సంఖ్యకి, ఒకేసారి తెరిచే డేటాబేస్ కనెక్షన్లకి ఉంది. నా రిపోర్టు ఒకటి ఇండెక్సు లేకుండా మొత్తం టేబుల్ని వెతికేది. అది ఆలస్యమైతే గుమస్తా గారు మళ్ళీ నొక్కేవారు. ఇంకోసారి నొక్కేవారు.

నిజం చెప్పాలంటే ఆపడంలో వాళ్ళ తప్పు లేదు. ఒకే మెషీన్లో వందల సైట్లుంటాయి, నా ఒక్కడి కోసం మిగతావాళ్ళు ఎందుకు ఏడవాలి? నాకు మండింది ఎక్కడంటే, సస్పెండ్ చేశాక కంట్రోల్ ప్యానెల్ కూడా తాళం వేశారు. డేటా బయటికి తీసుకునే దారి లేదు. టికెట్‌కి జవాబు రావడానికి రెండ్రోజులు. బ్యాకప్పు ఉందా అంటే, ఉంది. అదే అకౌంట్లో, పక్క ఫోల్డర్లో!

ఆ రెండ్రోజులూ గుమస్తా గారి పుస్తకమే గట్టెక్కించింది. కంప్యూటర్ వచ్చినా ఆయన చేత్తో రాయడం మానలేదు. అనవసరమని అంతకుముందు నేనే నవ్వాను.

అప్పట్నుంచీ ధర చివర్లో చూస్తున్నాను. ముందు చూసేది అప్లికేషన్ రకం. మామూలు పీహెచ్‌పీకి షేర్డ్ హోస్టింగ్ చాలు. టామ్‌క్యాట్, నోడ్ లాంటివి ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన ప్రాసెస్‌లు, వాటికి వీపీఎస్ మేలు. కాకపోతే అందులో సెక్యూరిటీ అప్‌డేట్లు మన నెత్తినే. ఫ్రీ ప్లాన్లంటారా, హెరోకూ లాంటిదే 2022 నవంబరులో తీసేసింది. తర్వాత దూరం. హైదరాబాదు నుంచి అమెరికా సర్వరుకి ఒక్కసారి వెళ్ళి రావడానికే సుమారు పావు సెకను. పేజీలో అలాంటివి ఒకదాని వెనక ఒకటి పది ఉంటే లెక్క మీరే వేసుకోండి. అమెజాన్ 2016లో ముంబైలో, 2022లో హైదరాబాదులోనే రీజియన్లు తెరిచింది కాబట్టి ఇప్పుడు ఆ సాకూ లేదు.

అన్నిటికంటే ముఖ్యం, నా డేటా వాళ్ళ గుమ్మం దాటి ఎలా బయటికొస్తుంది అన్నది. పెద్ద కంపెనీ అయితే భయం లేదనుకోకండి. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడి ఒక భవనం పూర్తిగా పోయింది. బ్యాకప్పులు కూడా అక్కడే పెట్టుకున్న కొందరి డేటా మళ్ళీ రాలేదు. నేనైతే ఇప్పుడు నెలకోసారి బ్యాకప్పుని ఇంట్లో ల్యాప్‌టాప్‌లో రీస్టోర్ చేసి, ఒక రసీదు ప్రింటు తీసి చూస్తాను.

కుర్రాడికి ఇదంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "సరే అన్నా, వీపీఎస్ తీసుకుంటా" అన్నాడు.

"బ్యాకప్పు ఎక్కడ పెడతావ్?"

"అందులోనే, వేరే ఫోల్డర్లో."

ఇంకో రెండు టీలు చెప్పాను.