లేచిన చెయ్యి

మా విజయనగరం వైపు పల్లెల్లో వయసొచ్చిన కుర్రాడు నాలుగు రోజులు కనబడకపోతే "టాటా ఎలిపోనాడు" అనేసేవారు. జంషెడ్‌పూర్ అన్న పేరు అక్కడ బతికినవాళ్ళ నోట కూడా ఎక్కువగా వినలేదు. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చి గ్రామానికి జంషెడ్‌జీ పేరు పెట్టాడు, కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. మావాళ్ళకి ఊరూ స్టేషనూ కంపెనీ అన్నీ టాటాయే. మా పెదనాన్న 1958లో వెళ్ళాడు, నెహ్రూ వచ్చి జూబిలీ పార్కు ప్రారంభించిన ఏడాది. వెళ్ళిన ఆరు నెలలకి మిల్లులో పని దొరికింది. రిటైరయ్యేదాకా ఆ సైరన్ మోతకే లేచాడు, ఆ మోతకే పడుకున్నాడు.

పెదనాన్న పోయి పన్నెండేళ్ళయింది. ఈ సంక్రాంతికి లండన్ నుంచి అన్నయ్య వస్తున్నాడని, నువ్వు కూడా రావాలని పెద్దమ్మ ఫోను చేసింది. విజయనగరంలో టాటా రైలెక్కాను. పార్వతీపురం దాటాక కొండలు దగ్గరికొస్తాయి, రాయగడ తర్వాత మన మాట పలచబడుతుంది, టిట్లాగఢ్ వచ్చేసరికి చాయ్ అమ్మేవాడి అరుపు కూడా మారిపోతుంది. కానీ మా పెట్టెలో మాత్రం రూర్కెలా దాకా తెలుగు వినబడుతూనే ఉంది. అరిసెల డబ్బాలు, ఊరగాయ జాడీలు, గోనెసంచిలో బూడిద గుమ్మడికాయ. మూడు తరాలుగా ఈ దారిలో సామాను మారలేదు. చక్రధర్‌పూర్ దగ్గర కిటికీ తలుపు దించినా చలి సందుల్లోంచి కొట్టింది. బయట సాల చెట్లు.

టాటాలో కద్మా పేటలో పెద్దమ్మ ఇల్లు. భోగినాడు పొద్దున్నే బిష్టుపూర్ వెళ్ళి ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో దండం పెట్టుకొచ్చాం. సాయంత్రం పెరట్లో మంట ముందు కూర్చున్నప్పుడు అన్నయ్య పర్సులోంచి ఒక అట్టముక్క తీసి నా చేతిలో పెట్టాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, రంగు వెలిసింది, మీద ఒక నంబరు, ఒక పేరు.

"ఇదేంటన్నయ్యా?"

"కుక్కల పందెం టికెట్టు. గెలిచాను. డబ్బు తీసుకోలేదు."

అన్నయ్య డాక్టరుగా లండన్ వెళ్ళిన కొత్తలో వాల్తమ్‌స్టో అనే పేటలో ఉండేవాడు. ఇంటికి దగ్గర్లోనే గ్రేహౌండ్ పందేల మైదానం. గ్రేహౌండ్స్ అంటే మన తెలుగువాళ్ళకి 1989లో పుట్టిన పోలీసు దళమే తలపుకొస్తుంది. ఇది సన్నని నడుము, లోతైన ఛాతీ, పొడవాటి మూతి ఉన్న వేటకుక్క. 1926లో మాంచెస్టర్‌లోని బెల్ వ్యూలో, కరెంటు మీద పరిగెత్తే బొమ్మ కుందేలు వెనక ఈ కుక్కల్ని వదిలారు. ఇంగ్లండులో ఆ తరహా పందేలకు అదే నాంది. గుర్రప్పందేలు అప్పట్లో పగటిపూట, ఊరికి దూరంగా జరిగేవి. షిఫ్టులో ఉన్నవాడికి అందేవి కావు. ఇవి పేట నడుమ, పని దిగాక, దీపాల వెలుగులో. అందుకే కూలిజనం విరగబడ్డారు. ఆరు కుక్కలు, ఆరు రంగుల తొడుగులు: ఒకటో నంబరుకి ఎరుపు, రెండుకి నీలం, మూడుకి తెలుపు, నాలుగుకి నలుపు, ఐదుకి నారింజ, ఆరుకి నలుపు తెలుపు చారలు. వాల్తమ్‌స్టోలో మామూలు పరుగు 475 మీటర్లు. అర నిమిషంలో అయిపోయేది.

"నేను కుక్కల కోసం వెళ్ళలేదురా. బుకీల కోసం వెళ్ళేవాణ్ణి" అన్నాడు అన్నయ్య.

ట్రాకు పక్కన వరసగా నిలబడేవారట. ఒక్కొక్కడూ చిన్న పెట్టె మీద ఎక్కి, పక్కన బోర్డు, ఆ బోర్డు మీద కుక్క కుక్కకీ ధర. మెడలోంచి వేలాడే తోలుసంచి మీద తన పేరు పెద్ద అక్షరాల్లో. వెనకాల గుమాస్తా లావుపాటి పద్దు పుస్తకంలో రాసుకుంటూ ఉంటాడు. పందెం మొదలవబోయే ఆఖరి రెండు నిమిషాల్లో ధరలు పొంగే పాలలా ఉంటాయి. ఒకడు తుడిచి తగ్గిస్తే పక్కవాడు చూసి తుడుస్తాడు. పాతరోజుల్లో తెల్లని చేతి తొడుగులు వేసుకున్న మనుషులుండేవారు. ముక్కు, చెవి, మోచెయ్యి ముట్టుకుంటూ ఈ చివరి ధర ఆ చివరికి చేరవేసేవారు. నోటితో ఒక్క మాట లేదు. ఆ మైదానాన్ని కట్టించిన విలియం చాండ్లర్ స్వయానా బుకీ. 2008 ఆగస్టులో అది మూతపడింది. ఆఖరి రాత్రి అన్నయ్య ఐదు పౌండ్లు కాశాడు, గెలిచాడు. టికెట్టు ఇచ్చి డబ్బు తీసుకుంటే చేతిలో ఏమీ మిగలదని అట్టముక్క దాచుకున్నాడు.

నాకు తెలిసిన బుకీలు మలక్‌పేటవాళ్ళు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో రెండుసార్లు వెళ్ళాను. ఆరో నిజాం కాలం నుంచి గుర్రాలు పరిగెత్తుతున్న చోటు అది. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యం మీద ఆధారపడిన ఆట, జూదం కాదు అని తీర్పు చెప్పింది. అక్కడి బుకీ లైసెన్సు ఉన్న మనిషి, పన్ను కట్టే మనిషి. 2017లో జీఎస్టీ 28 శాతం పడ్డాక ఆ పని చేసేవాళ్ళ నడుం వంగింది. అదంతా చెప్పబోతుంటే అన్నయ్య ఆపాడు.

"వాల్తమ్‌స్టోలో వాళ్ళని చూసినప్పుడల్లా నాకు మరీ చిన్నప్పుడు నాన్నతో వెళ్ళిన కోడిపందేలే గుర్తొచ్చేవి. అక్కడ ఒకాయన ఉండేవాడు, మనవాడే. పుస్తకం లేదు, బోర్డు లేదు. బతికున్నాడట. రేపు వెళ్దాం."

మర్నాడు జనవరి 14. దోముహానీ చూడకుండా ఎక్కడికీ వెళ్ళడానికి లేదంది పెద్దమ్మ. ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే చోటు అది. మన ధనుర్మాసమే వాళ్ళకి పౌషం. మన ఆడపిల్లలు గొబ్బెమ్మలు పెట్టినట్టు, అక్కడి పిల్లలు నెలంతా టుసు దేవతని కొలిచి, మకర సంక్రాంతినాడు రంగుకాగితాలతో కట్టిన చౌడల్‌ని పాటలు పాడుకుంటూ ఏటికి తెస్తారు. గుడి గోపురంలా అంతస్తులంతస్తులుగా ఉంటుంది చౌడల్. నీళ్ళలోకి వదిలేటప్పుడు ఒక పిల్ల దాని అంచు పట్టుకుని వదలలేదు. వాళ్ళమ్మ వేళ్ళు విడదీయాల్సి వచ్చింది. గట్టు మీద ఒకామె మా చేతుల్లో గుడ్ పిఠా పెట్టింది. బియ్యప్పిండి, బెల్లం, నూనె. కొరికి చూశాను. మన అరిసె! నువ్వులు మాత్రం లేవు.

ఆ మర్నాడు ఆఖాయిన్ జాత్రా. ఇక్కడి కుడ్మీ రైతులకి సాగు సంవత్సరం మొదలయ్యే రోజు. నాగలి కట్టి పొలంలో రెండున్నర చుట్లు తిప్పుతారు. మేం జుగ్సలాయిలో కొడుకు దగ్గర ఉంటున్న ఆ పెద్దాయన్ని కార్లో ఎక్కించుకున్నాం. ఎనభై దాటాయి. శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు. కంపెనీలో పని చేస్తూనే ఆదివారాలు బరి దగ్గర నిలబడేవాడు. రెండు కళ్ళకీ చూపు దాదాపు పోయింది.

"బాబాయ్, కోడిపందేనికి వెళ్దామా?" అని అడిగాడు అన్నయ్య.

"నాకేటి కనబడతాది నాన్నా? పద. ఇనబడతాది కదా."

సరాయికేలా వైపు ఒక పల్లె పక్కన, కోత కోసిన మడిలో ముర్గా పాడా, అంటే కోడిపందేల బరి. దారి పొడుగునా సాలాకు దొన్నెల్లో హండియా అనే బియ్యపు కల్లు అమ్మే ఆడవాళ్ళు. ఒక గుడారంలో హబ్బా-డబ్బా: బొమ్మలున్న గుడ్డ పరిచి, డబ్బాలో పాచికలు గిలకొట్టి బోర్లిస్తున్నారు. మన తీర్థాల్లో గుండాట ఇదే. నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే సరిగ్గా ఆ గంటకి గోదావరి జిల్లాల్లో, ఐ.భీమవరంలోనూ మురమళ్ళలోనూ బరుల చుట్టూ జనం ఇలాగే ఒరుసుకుంటూ ఉంటారు. అక్కడ ఫ్లడ్ లైట్లు, పెద్ద పెద్ద తెరలు, నోట్లు లెక్కపెట్టే మిషన్లు వచ్చేశాయి. ఇక్కడ వెదురు దడి, దుమ్ము, ఎండ.

కోడికి కట్టే కత్తిని ఇక్కడ కాతి అంటారు. ఓడిన కోడి పాహుడ్, గెలిచినవాడు పట్టుకుపోతాడు. మన దగ్గర కుక్కుట శాస్త్రం చూసి ఏ వేళకి డేగ, ఏ వేళకి నెమలి, ఏ వేళకి కాకి అని లెక్కలు వేస్తారు. ఇక్కడ ఎర్రది, తెల్లది, చుక్కలది. అంతే. బరిలో ఇద్దరు కోళ్ళని ఎదురెదురుగా చూపించి వెనక్కి లాగగానే నాలుగు పక్కలా చేతులు లేచాయి. "లాల్ పే సౌ!" "సఫేద్, సఫేద్!" అవతలి గట్టు మీద ఎవడో వేలు చూపిస్తాడు, ఇవతలివాడు తలూపుతాడు. పందెం కుదిరినట్టే. చీటీ లేదు, సాక్షి లేడు. మన పైపందేలు కూడా ఒకప్పుడు ఇలాగే నడిచేవి.

బాబాయ్ నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. తల కాస్త పక్కకి వంచాడు.

"ఎర్రది బరువుగా ఉంది కదా?"

నిజమే. ఎలా తెలిసిందని అడిగాను.

"దాని మీద అరిసేవోళ్ళు ఎక్కువ. గొంతులో తొందర్లేదు. తెల్లదాని మీద కాసేవోడు తొందరపడతన్నాడు."

ఆట నిమిషం కూడా సాగలేదు. తెల్లది ఒక్కసారి ఎగిరింది, ఎర్రది కూర్చున్నట్టుగా ఒరిగిపోయింది. దుమ్ములో రక్తం వెంటనే నల్లబడింది. ఆ కోడి కన్ను ఇంకా తెరుచుకునే ఉంది. నేను మొహం తిప్పుకున్నాను. జంతువుల్ని రెచ్చగొట్టి పోరాడించడం నేరమని 1960లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం న్యాయమైనదే. ఆ బరి దగ్గర నిలబడి ఉన్నప్పుడు కూడా నాకు అందులో అనుమానం లేదు. కానీ నేను వచ్చింది పక్కనున్న మనిషి కోసం.

దడికి దూరంగా ఒక తుమ్మచెట్టు కింద బాబాయ్‌ని కూర్చోబెట్టి అడిగాం. తన పని ఎలా చేసేవాడో వేళ్ళు మడిచి చెప్పాడు. ఎదురు కాసేవాడు దొరకని చిన్న పందేలు అతని దగ్గరికి వచ్చేవి. రెండ్రూపాయలు, ఐదు రూపాయలు. ఎర్రదాని వాళ్ళని కుడిచేతి వైపు, రెండోదాని వాళ్ళని ఎడమచేతి వైపు మనసులో నిలబెట్టుకునేవాడు. రెండు వైపులా సొమ్ము తూగేదాకా "పదికి ఎనిమిది", "పదికి ఏడు" అని ధర దించేవాడు, ఎక్కించేవాడు. వాల్తమ్‌స్టో బోర్డు మీద సుద్దముక్క చేసిన పని ఇతని నాలుక చేసింది. గెలిచిన రూపాయికి ఐదు పైసలు తనవి. ఒక ఆటకి నలభై మంది దాకా.

"నలభై మందినీ ఎలా గుర్తుపెట్టుకున్నావు బాబాయ్?"

"మొకాలు కాదు నాన్నా. సేతులు. ఎవుడి సెయ్యి ఎలా లేస్తాదో నాకు తెలుసు. కొలిమి కాడ పన్జేసినోడి సెయ్యి, క్రేన్ నడిపినోడి సెయ్యి, గుమస్తా సెయ్యి. ఒక్క పైసా ఎవుడికీ తప్పలేదు. తప్పితే ఆదివారం మళ్ళీ ఎలా నిలబడతాను?"

తర్వాత కాసేపు ఊరుకున్నాడు. బరిలో ఇంకో జత దింపినట్టున్నారు, కేకలు లేచాయి. అన్నయ్య నెమ్మదిగా అడిగాడు.

"నాన్న ఎక్కువ పోగొట్టుకునేవాడా?"

"మీ నాన్న సెయ్యి శానా తొందరగా లేచేది. కోడిని సూడకుండానే లేచేది. ఒక జీతం పోయింది. రెండో జీతం సగం పోయింది. ఆ పైన నేను కాయనివ్వలేదు."

"వద్దని చెప్పావా?"

"సెప్తే పరువు పోదూ, నలుగురిలో? నేను సూళ్ళేదంతే. సెయ్యి లేస్తాది, నేను పక్కోడి కేసి సూస్తాను. పిలుస్తాడు, నాకు ఇనపడదు. నాలుగు ఆదివారాలు అలగే నిలబడ్డాడు. ఐదో ఆదివారం రాలేదు."

అన్నయ్య ఏమీ అనలేదు. పర్సు తీశాడు, మళ్ళీ జేబులో పెట్టేశాడు. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. తన కమీషను తాను వదులుకుని ఒక్క మనిషిని మాత్రమే ఎందుకు చూడలేదు? అందరివీ జీతాలే కదా. అడిగేశాను.

"అందరి పెళ్ళాలూ రాలేదు నాన్నా. మీ పెద్దమ్మ వచ్చింది. సంకన ఈ పిల్లోణ్ణి ఏసుకుని, శనివారం సీకటి పడ్డాక. ఏడవలేదు, తిట్టలేదు. 'అన్నా, రేపు ఆయన్ని చూడకు' అంది. ఎలిపోయింది."

తిరిగి వచ్చేటప్పుడు ఖర్కాయి వంతెన మీద ఆగాం. అవతల కంపెనీ చిమ్నీల పొగ, ఇవతల ఏట్లో చౌడల్ కాగితాలు రంగు కరిగి అంచుకి కొట్టుకొచ్చి ఉన్నాయి. బాబాయ్ కార్లో నిద్రపోయాడు. ఇంటి దగ్గర దింపితే కొడుకు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

కద్మాలో పెద్దమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఎక్కడికెళ్ళామో చెప్పాం. బాబాయ్ చెప్పిందంతా అన్నయ్య చెప్పలేదు, సగం చెప్పాడు. మిగతా సగం ఆవిడ మొహం చూసి ఆపేశాడనుకుంటాను. పెద్దమ్మ చాలాసేపు చీర కొంగు అంచు మడుస్తూ కూర్చుంది.

"ఆయన్ని ఇంటికి ఎందుకు తీసుకురాలేదురా?" అంది చివరికి.

"చూపు లేదమ్మా. అలిసిపోయాడు."

పెద్దమ్మ లేచి లోపలికి వెళ్ళింది. అటక మీంచి డబ్బా దింపిన చప్పుడు. పళ్ళు లేని మనిషికి నువ్వుల అరిసెలు గట్టిగా ఉంటాయి, పాకం లేతగా తీసినవి విడిగా ఉన్నాయని లోపల్నుంచే అంటోంది. రేపు పొద్దున్న రైలుకి ముందు జుగ్సలాయి మీదుగా వెళ్ళమని నాతో చెప్పింది.